పండ్రెండు గంపలు – ఒక కరెంటు బిల్లు



ఈ నెల నేను ప్రసంగ వేదిక మీదనుండి కాక, మా కుట్టు కేంద్రములోని మీటరు బోర్డు దగ్గర నిలువబడి మీతో మాటలాడగోరుచున్నాను. కరెంటు బిల్లుకు, దేవుని వాక్యమునకు ఏమి సంబంధమని మీలో కొందరు అడుగవచ్చును. నేనును మొదట అట్లే అనుకొంటిని. ఒక వేసవిలో మేము చేసిన పొరపాటు నాకు ఆ సంబంధమును నేర్పినది. దానిని దాచుకొనుటకంటె మీతో పంచుకొనుటయే మేలని తోచినది.

మా సంఘములో స్త్రీల సమాజము వారు నడుపు చిన్న కుట్టు కేంద్రమున్నది. గుడి వెనుక రేకుల షెడ్డులో పది మిషన్లు. ఆరు కాలితో తొక్కేవి, నాలుగు కరెంటుతో నడిచే పెద్దవి. ఆరు ఫ్యాన్లు, ఎనిమిది ట్యూబులైట్లు, రెండు ఇస్త్రీ పెట్టెలు, నీళ్లకు ఒక బోరు మోటారు ఉన్నవి. బడి యూనిఫాములు, జాకెట్లు, సంచులు అక్కడ కుట్టుదురు. పని చేయు అక్కచెల్లెళ్లకు పీసు లెక్కన కూలి. వారిలో విధవరాండ్రున్నారు, భర్త తాగుడువలన ఇల్లు గడవక వచ్చినవారును ఉన్నారు.

కేంద్రము కరెంటు బిల్లు సంఘపు నిధినుండి కట్టుదుము. ఆ నిధిలో ఏ డబ్బు ఉన్నదో మీకు తెలియును. మన పల్లె సంఘములలో తల్లులు వంటకు ఎసరు పెట్టినప్పుడు పిడికెడు బియ్యము తీసి వేరు కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చుట పాత అలవాటు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.యస్. అజరయ్య గారు, మన దేశీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు, పల్లె బీదలు కూడ ఇయ్యగలరని నమ్మి, ఇచ్చుటను గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. మా సంఘములో ఆ బియ్యపు కుండ నేటికిని ఉన్నది. ఆ బియ్యము అమ్మగా వచ్చిన రూపాయలే మా కరెంటు బిల్లులోనికి పోవుచున్నవి.

ఏప్రిల్ నెల బిల్లు ఐదు వేలు దాటినది. కమిటీ కూర్చున్నది. కోశాధికారి గారు కాగితము బల్ల మీద పెట్టి, “అయ్యగారూ, ఈ లెక్కన సాగితే కేంద్రము మూసుకొనవలసినదే” అనిరి. ఎవరికిని లెక్క తెలియదు. అందరి కన్ను పైన తిరుగుచున్న ఫ్యాన్ల మీద పడినది. మధ్యాహ్నము 12 గంటలనుండి 4 గంటలవరకు ఫ్యాన్లు కట్టివేయవలెనని తీర్మానము చేసితిమి. నేనే సంతకము చేసి, ఆ కాగితము తలుపు మీద అంటించితిని. దేవుని సొమ్మును కాపాడితినని నా మనస్సుకు తృప్తి కూడ కలిగినది.

రెండవ వారములో ఒక సహోదరి మిషను మీదనే కళ్లు తిరిగి ఒరిగిపోయినది. మరి ఇద్దరు పనికి రాకుండ మానిరి. నేను వారిలో ఒకరి ఇంటికి వెళ్లి, ఎందుకు రావడము లేదమ్మా అని అడిగితిని. ఆమె చాలసేపు తల వంచుకొని ఉండి, చివరకు ఇట్లు చెప్పినది:

“అయ్యగారూ, ఇంటికాడ రేకులే, ఆడ గూడ రేకులే. ఉక్కకు ఓర్చుకుంటం. కానీ చెమట తెల్ల బట్ట మీద పడి మరకైతే ఆ పీసు పైసలు పోతున్నయ్. రెండు రోజులు అట్లనే పోయినయ్. ఇంక ఎందుకని రాలే.”

ప్రియులారా, ఆ మాట నాకు ఏ ప్రసంగముకంటెను లోతుగా తగిలినది. మేము ఆదా చేసితిమని అనుకొన్న డబ్బు నిజముగా మా బిల్లులోనుండి రాలేదు, ఆమె కూలిలోనుండి వచ్చినది.

ఆ రాత్రి కాగితము పెన్సిలు తీసుకొని మొదటిసారి లెక్క వేసితిని. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. పాత ఫ్యాను ఒకటి సుమారు 75 వాట్లు. ఆరు ఫ్యాన్లు రోజుకు 4 గంటల చొప్పున 25 రోజులు నిలిపివేస్తే మిగిలేది 45 యూనిట్లు. యూనిట్ ధర వాడకమును బట్టి, కనెక్షను తరగతిని బట్టి మారును. లెక్క సులభముగా ఉండుటకు 8 రూపాయలు అనుకొందము. మొత్తము 360 రూపాయలు! పదిమంది స్త్రీలను నెలంతయు ఉక్కలో కూర్చుండబెట్టి మేము సంపాదించినది అంతే. ఆ నెలలో పని వెనుకబడి, బడి వారి యూనిఫాములు సమయమునకు అందలేదు.

మా సంఘ యౌవనస్థుడొకడు పత్తి జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను. అతనిని పిలిచితిమి. ఒక శనివారము వచ్చి, ఏ తీగను ముట్టకుండ, భోజనపు వేళవరకు ఊరకనే కూర్చుండెను. అందరు చేతులు కడుగుకొని చెట్టు క్రిందికి వెళ్లిన తరువాత నన్ను లోపలికి పిలిచి, “అయ్యగారూ, ఇప్పుడు చెవి పెట్టి వినుండ్రి” అనెను. షెడ్డులో ఎవరును లేరు, కాని నాలుగు పెద్ద మిషన్ల క్రిందినుండి సన్నగా హుమ్మను ధ్వని వచ్చుచున్నది.

“మనం అన్నం తినేటప్పుడు గూడ ఇవి తింటనే ఉన్నయి” అని నవ్వెను.

అప్పుడు వివరించెను. పెద్ద కుట్టు మిషన్లకు పాత రకము మోటారు బిగించినప్పుడు, బటను వేసినంతసేపు మోటారు తిరుగుతూనే ఉండును. కాలు నొక్కినప్పుడు ఆ తిరుగుడు మిషనుకు అందును. కాలు తీసినప్పుడు మిషను ఆగును గాని మోటారు ఆగదు. దారము ఎక్కించునప్పుడు, బట్ట సర్దునప్పుడు, పక్కవారితో మాటలాడునప్పుడు కూడ కరెంటు పోవుచునే ఉండును. ఇప్పుడు సర్వో మోటారు అని వేరొక రకము వచ్చినది. అది కాలు నొక్కినప్పుడు మాత్రమే తిరుగును. మోటారు మార్చుటకు డబ్బు కావలెను, కాని లేచి వెళ్లునప్పుడు బటను నొక్కుటకు పైసా అక్కరలేదు.

తరువాత ఇస్త్రీ బల్ల చూపెను. వెయ్యి వాట్ల పెట్టెలు రెండు ఉదయమునుండి సాయంత్రమువరకు వేడిగానే ఉండుచున్నవి. ఇస్త్రీ పెట్టె బట్ట మీద నడువకపోయినను, చల్లారకుండ ఉండుటకు మరల మరల కరెంటు తీసుకొనును. తొమ్మిది గంటలలో మూడవ వంతు కాలము మాత్రమే తీసుకొన్నదనుకొన్నను, రెండింటికి కలిపి రోజుకు 6 యూనిట్లు, నెలకు 150 యూనిట్లు. కుట్టిన బట్టలన్నియు ప్రోగుచేసి, సాయంత్రము రెండు గంటలు ఒక పెట్టెతో వరుసగా ఇస్త్రీ చేస్తే 50 యూనిట్లతో పని అయిపోవును. ఆరు ఫ్యాన్లు ఆపినందున మిగిలినది 45 యూనిట్లు. ఇక్కడ ఎవరికిని కష్టము లేకుండ 100 యూనిట్లు మిగులుచున్నవి!

ఇక బోరు మోటారు. ట్యాంకు నిండి నీళ్లు పొర్లి కాలువ కట్టువరకు ఎవరికిని జ్ఞాపకము రాదు. రోజుకు అరగంట అట్లు పోయినను అది నీటికిని కరెంటుకును నష్టమే. చివరకు ట్యూబులైట్లు. పాత ట్యూబు 40 వాట్లయినను దాని చోకుతో కలిపి సుమారు 50 వాట్లు తీసుకొనును. ఎల్.ఇ.డి. ట్యూబు 20 వాట్లతో అదే వెలుగునిచ్చును. ఎనిమిది ట్యూబులు రోజుకు తొమ్మిది గంటలు వెలుగు మా షెడ్డులో ఇది నెలకు 54 యూనిట్లు, అనగా 432 రూపాయలు. కిలో బియ్యము 45 రూపాయలైతే, ఇది తొమ్మిదిన్నర కిలోల బియ్యము. ఎన్ని ఇండ్లలో ఎన్ని పిడికిళ్లు కలిస్తే అంత బియ్యమగునో తల్లులారా, మీరే లెక్కించుడి.

ఆ సాయంత్రము యోహాను సువార్త ఆరవ అధ్యాయము తీసి చదివితిని. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. ఐదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు, ఐదువేలమంది పురుషులు. పండ్రెండవ వచనములో ప్రభువు మిగిలిన ముక్కలను ఏరి చేర్చుమని, ఏదియు పాడైపోరాదని శిష్యులకు ఆజ్ఞాపించెను. ఆకాశమును భూమిని కలుగజేసినవాడు రొట్టె ముక్కల విషయములో ఇంత శ్రద్ధ చూపెనా అని నేను అనేకసార్లు ఆశ్చర్యపడితిని. కాని ఆ దినమున మరియొక సంగతి నా కంట పడినది. ఆ ఆజ్ఞ ఎప్పుడు వచ్చినది? అందరు తృప్తిగా తినిన తరువాత వచ్చినది.

ప్రభువు ముందుగా రొట్టెలు లెక్కపెట్టి, మనిషికి సగము ముక్క చాలునని చెప్పలేదు. ఎండలో కొండ మీదికి వచ్చిన బీదలను పచ్చిక మీద కూర్చుండబెట్టి, వారికి కావలసినంత పెట్టించెను. ఆ తరువాతనే క్రింద పడినవాటిని ఏరించెను. ఆయన ఆదా మనుష్యుల వంతు తగ్గించలేదు, ఎవరికిని ఉపయోగపడక పోవుచున్నదానిని చేర్చినది. మేము దీనిని తలక్రిందులు చేసితిమి. వంతు తగ్గించితిమి, ముక్కలను మాత్రము నేలపాలు చేసితిమి.

కాబట్టి పని చోట ఆదా చేయగోరు ప్రతి యజమానియు, ప్రతి కమిటీయు ఈ ఒక్క ప్రశ్న వేసుకొనవలెను: నేను ఏరుచున్నది ముక్కలా, లేక ఒకరి రొట్టెయా? ఎవరును లేని గదిలో తిరుగు ఫ్యాను ముక్క. చెమటోడ్చు స్త్రీ తలమీద తిరుగు ఫ్యాను రొట్టె. ఖాళీగా కాలుచున్న ఇస్త్రీ పెట్టె ముక్క. సందెవేళ సూదిలో దారము ఎక్కించు తల్లి కంటికి వెలుగునిచ్చు దీపము రొట్టె. రెండును ఒకే మీటరు మీదనే తిరుగును, గాని దేవుని లెక్కలో రెండును ఒకటి కావు.

బోయజు పొలమును చూడుడి. రూతు గ్రంథము రెండవ అధ్యాయములో అతడు పనివారిని దేవుని పేర పలుకరించెను. పనివారు చేదిన నీళ్లు పరదేశియైన రూతు కూడ త్రాగవచ్చునని చెప్పెను. భోజనవేళ ఆమెను దగ్గరకు పిలిచెను. కూలివాని నీడను, నీళ్లను తగ్గించి ధాన్యము మిగుల్చుకొనవలెనని అతడు చూడలేదు. అయినను అతని పొలము నష్టపోలేదు. యాకోబు పత్రిక ఐదవ అధ్యాయము నాల్గవ వచనము పనివారికి చెందవలసిన కూలిని బిగబట్టినవారిని గూర్చి చెప్పు మాటలు నేను ఆ కాగితము తలుపు మీద అంటించిన దినమున చదువవలసినవి.

అట్లని ఈ బాధ్యత యజమానులదే అనుకొనవద్దు. జీతము తీసుకొను మనమందరము కూడ ఆలోచింపవలెను. ఇంటిలో దీపము ఆర్పుటకు పరుగెత్తు చేయి, ఆఫీసులో, బడిలో, మిల్లులో ఎందుకు కదలదు? అది మన సొమ్ము కాదు గనుక. లూకా పదునారవ అధ్యాయములో ప్రభువు, పరుల సొమ్ము విషయములో నమ్మకముగా లేనివానికి వాని స్వంతమైనది ఎవరిత్తురని అడిగెను. మా కేంద్రములో బటను ఆపని చేయికి దొంగతనము చేయు ఉద్దేశము లేదు. కాని ఆ చేయి వృథా చేసినది ఎవరిదో ఒక తల్లి పిడికెడు బియ్యమే.

కరెంటు స్విచ్చిలోనుండి పుట్టదు. మన ప్రాంతములో అది చాలవరకు పాల్వంచవంటి చోట్ల బొగ్గు మండించగా వచ్చును. ఒక యూనిట్ కు అర కిలోకు పైగా బొగ్గు కావలెను. ఆ బొగ్గు సింగరేణి గనులలో మన అన్నదమ్ముల చెమటతో పైకి వచ్చినది. ఖాళీ గదిలో మనము పారవేయు ప్రతి యూనిట్ లో వారి కష్టము కూడ ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. తీగకు కొక్కెము తగిలించి, మీటరు తిరుగకుండ చేసి డబ్బు మిగిల్చితిమనువారు మన మధ్య లేకపోలేదు. క్రిస్మస్ నక్షత్రమునకు, కూటముల పందిళ్లకు కూడ అట్లు చేయుట నేను చూచితిని. 2003వ సంవత్సరపు విద్యుత్తు చట్టము 135వ సెక్షను ప్రకారము అది నేరము. మూడు సంవత్సరముల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును ఉండవచ్చును. కాని చట్టము లేకపోయినను, దొంగ కరెంటుతో వెలిగించిన నక్షత్రము బేత్లెహేమునకు దారి చూపునా? దానిని వెలిగింపకుండుటే మేలు.

పొలము కూడ పని చోటే గనుక రైతు సహోదరులకు ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 2004లో వ్యవసాయమునకు ఉచిత కరెంటు వచ్చినది. తెలంగాణలో 2018 జనవరి 1నుండి దానిని 24 గంటలు ఇచ్చుట మొదలైనది. ఉచితమనగా మనకు బిల్లు లేదని మాత్రమే. ఖర్చు లేదని కాదు. ఐదు హార్స్ పవర్ మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు తీసుకొనును. దానితోపాటు భూమిలోని నీటిని పైకి తోడివేయును. మడి నిండిన తరువాత కూడ మోటారు నడుచుచుండగా మనము అరుగు మీద కూర్చుంటే, రేపు మన బోరు, మన పొరుగువాని బోరు ఎండినప్పుడు ఎవరిని అడుగుదుము? మోటారుకు కెపాసిటరు బిగించుకొనుట, మంచి ఫుట్ వాల్వు వాడుట, కాలిన మోటారును మాటిమాటికి చవకగా చుట్టించకుండుట కూడ ఆదాలోనివే.

మా కేంద్రమునకు తిరిగి వచ్చెదను. మరుసటి ఆదివారము ఆరాధన తరువాత కుట్టు కేంద్రము సహోదరీలను ఆగమని చెప్పి, కమిటీ వారందరి ఎదుట నేను క్షమాపణ అడిగితిని. తలుపు మీద కాగితము నా చేతులతోనే చించితిని. కళ్లు తిరిగి పడిన సహోదరి, “పోనియ్యుండ్రి అయ్యగారూ” అని నా కంటె ముందే కన్నీరు పెట్టుకొన్నది. పని మానిన ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చిరి. రెండవ ఆమె పొరుగూరిలో వేరే పనికి కుదిరినది. ఆమెను మేము పోగొట్టుకొంటిమి. కొన్ని పొరపాట్లకు క్షమాపణ దొరుకును గాని, నష్టము తిరిగి రాదు.

తరువాత చేసినవి చిన్న పనులే. లేచి వెళ్లువారు మిషను బటను ఆపవలెను. ఇస్త్రీ సాయంత్రము ఒకేసారి. ట్యాంకు నిండగానే మోటారు ఆగుటకు ఫ్లోటు స్విచ్చి. రేకుల మీద తెల్ల సున్నము. తెలుపు ఎండను వెనుకకు త్రిప్పును గనుక లోపల వేడి తగ్గినది. తెలంగాణ ప్రభుత్వము కూడ 2023లో ఇట్టి చల్లని పైకప్పుల కొరకు ఒక విధానమునే ప్రకటించినది. ట్యూబులైట్లు నెలకు రెండు చొప్పున మార్చితిమి. ఫ్యాన్లు మాత్రము ఒకేసారి మార్చలేదు. బి.ఎల్.డి.సి. అను కొత్త రకము ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగును, గాని వెల ఎక్కువ. కాబట్టి పాతది కాలినప్పుడు దానిని చుట్టించక కొత్త రకము కొనవలెనని నిర్ణయించితిమి.

నాలుగు నెలలకు, ఫ్యాన్లన్నియు తిరుగుచుండగానే, బిల్లు మూడవ వంతుకు పైగా తగ్గినది. మిగిలిన దానిలో సగము సంఘపు నిధికి, సగము పీసు రేటు పెంచుటకు అని కమిటీ తీర్మానించినది. పెంపు చిన్నదే. అయినను ముక్కలు ఏరిన చేతులకే ఒక గంప దక్కవలెను గదా.

మీ పని చోట, మీ కొట్టులో, బడిలో, మిల్లులో ఈ వారమే ఒక పని చేయుడి. అన్ని స్విచ్చులు ఆపి మీటరు దగ్గరకు వెళ్లుడి. దాని మీది చిన్న ఎర్ర దీపము ఇంకను మినుకుమినుకు మనుచున్నదేమో చూడుడి. మినుకుచున్నట్లయితే ఎక్కడో ఒక ముక్క నేలమీద పడియున్నది. తీగలను మీరు ముట్టక, తెలిసినవానిని పిలిపించుడి. బిల్లులో మంజూరైన లోడు ఎంత వ్రాసి ఉన్నదో, దానికి ఎంత స్థిర ఛార్జీ కట్టుచున్నారో కూడ చూచుకొనుడి. అవసరమునకు మించిన లోడుంటే తగ్గించమని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కాని ఏదైనను ఆపుటకు ముందు ఆ గదిలో కూర్చుండి పని చేయువారిని ఒక మాట అడుగుడి. మేము అడుగలేదు. అదియే మా తప్పు.

కుటుంబ ప్రార్థనలో యోహాను 6:1–13 చదివి, పిల్లలతో ఈ సంగతి మాటలాడుడి.

ప్రార్థన: ప్రభువా, నీవు ఇచ్చినదానిని వృథా చేయని చేతులను, తోటివాని వంతు తగ్గింపని హృదయమును మాకు దయచేయుము. మా లెక్కలలో మనుష్యులను మరువకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మరల కలుసుకొందము.